మావయ్య వాకిట్లో అల్లరి

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీలో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి బండి నడిపి వచ్చిన డ్రైవరు పగలు పడుకుంటే, ఆ వాకిట్లో పిల్లలు ఆడకూడదు. ఆడవాళ్ళు బిందె కూడా చప్పుడు కాకుండా దించాలి. నిద్ర చాలని డ్రైవరు సిగ్నల్ సరిగ్గా చూడలేడని మాకు బడికి వెళ్ళకముందే తెలుసు.

పక్క క్వార్టర్ మావయ్య గూడ్సు బండి డ్రైవరు. కంటి పరీక్షలో తప్పడంతో ఆయన్ని ఇంజను దింపి షెడ్డులో కుర్చీ పనికి వేశారు. కొన్నాళ్ళు వెళ్ళి మానేశాడు. తిండి మీద ధ్యాస లేదు, స్నానం లేదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నదమ్ములంతా శ్రీకాకుళం వైపే ఉండిపోయారు. ఇక్కడ ఆయనకి తోడు ఇంజను మీది మనుషులే. మావయ్య వాళ్ళ నాన్న కూడా చివర్లో ఇలాగే మాట మానేశాడట. ఇవన్నీ కలిపి చూసినవాళ్ళు లేరు. లోకులు పలుగాకులు కదా, ఒకరు బద్ధకమన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. మంచివాళ్ళేమో పాత అలవాటు కొద్దీ, పాపం పడుకోనీ అంటూ మమ్మల్ని ఆ వాకిట్లోంచి తరిమేవారు. వీధి వీధంతా ఆ ఇంటి ముందు పిల్లి అడుగులేసేది.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య మా మామ్మ దగ్గరికొచ్చి, "నేను లేకపోతేనే నీకు నయం" అంటున్నాడని చెప్పి ఏడ్చింది. మామ్మ నన్నూ నా జట్టునీ పిలిచి, ఆ వాకిట్లోనే తొక్కుడుబిళ్ళ గీయమంది. మావయ్య నిద్ర పాడవుతుందని నేను సణిగాను.

"ఆడికి నిద్ర సాలినాదే. మనుసులే సాల్నేదు. గట్టిగా ఆడండి" అంది.

తను పీట వేసుకుని ఆ గుమ్మం పక్కనే కూర్చుంది. సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. తిడతాడని నాకు భయమేసింది. మావయ్య గడప మీద కూలబడ్డాడు.

"నానున్నానని అందరూ మరిసిపోనారనుకున్నాను, పిన్నీ" అన్నాడు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని మామ్మ సూటిగా అడిగింది. అవునన్నాడు. మర్నాడు ఆమే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తేరుకోవడానికి నెలలు పట్టింది, మందులూ వాడాల్సొచ్చింది. తొక్కుడుబిళ్ళతో పోయే జబ్బు కాదది.

ఇప్పుడు మా తమ్ముడు రిటైరై ఈ ఊళ్ళోనే నిమ్‌పురాలో ఒక్కడే ఉంటున్నాడు. ఫోను ఎత్తకపోతే, పడుకుని ఉంటాడులే అంటారు మా ఇంట్లోవాళ్ళు. నేను చెప్పులేసుకుని బయల్దేరతాను. నిద్రలో లేపినందుకు వాడు తిడతాడు. తిట్టించుకుని, వాడితో టీ తాగి వస్తాను.