గవర్రాజు బావ కరెంటు కాళ్ళు

మా గవర్రాజు బావ ఏ యంత్రం తయారుచేసినా ముందు తన ఒంటికే తగిలించుకుని గాజువాక బజారంతా తిరగాలి. అదొక్కటే అతని జబ్బు. పోర్టులో ఇద్దరం క్రేన్ మెకానిక్కులం. ఒక వేసవిలో ఫ్యాను బిగించిన హెల్మెట్టుతో డ్యూటీకి వచ్చాడు. సాయంత్రానికి చల్లదనం మిగిలింది గానీ జుట్టు మిగల్లేదు.

తొంభై ఎనిమిదిలో అతని దృష్టి కాళ్ళ మీద పడింది. తొడల నుంచి పాదాల దాకా ఇనప పట్టీలు, మోకాళ్ళ దగ్గర లారీ వైపర్ మోటార్లు, వీపున స్కూటర్ బ్యాటరీ, చేతిలో స్విచ్చి. నొక్కితే మోటార్లే మోకాళ్ళు వంచి, చాచి అడుగు వేయిస్తాయి.

“ఏటి బావా ఇది?”

“పక్కింటి పుష్పకి సేత్తన్నాను. కాళ్ళలో సత్తువ లేనోళ్ళని నడిపిస్తాది.”

పుష్ప జాకెట్లు కుట్టే అమ్మాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు నీరసించిపోయాయి.

“మరి నువ్వేసుకున్నావేటి?”

“ముందు నాను పడి సూడాల కదా!”

పడ్డాడు. వీధికొకసారి పడ్డాడు. జగ్గయ్య టీకొట్టులో కూర్చుంటే ఎడమకాలు దానంతటదే లేచి నాలుగు గ్లాసుల్ని తన్నింది. సిటీ బస్సు ముందు తలుపులో ఎక్కి, కాళ్ళు ఆగక వెనక తలుపులోంచి దిగిపోయాడు.

“ఎలాగుంది బావా?”

“నడక బాగుంది. ఆగడమే నేర్పాలి.”

ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. జనం మిద్దెలెక్కి చూశారు. అలా ఆరునెలలు! చివరికి బజారుకే విసుగొచ్చింది. ఈలోగా పుష్ప కొలతలకి తేలికైన జత తయారైంది.

ఆ రోజు నిలదీశాను. “ఇంట్లోనే సూసుకోవచ్చు కదా బావా? ఊరందరిసేతా నవ్వించుకోడం ఎందుకు?”

బావ నట్టు బిగిస్తూ నెమ్మదిగా అన్నాడు. “పడిపోతానేమోనని ఆ పిల్లకి భయం లేదు. ‘జనం సూసి నవ్వుతారు కదన్నా’ అంది. అందుకే, నవ్వాల్సినోళ్ళందరిసేతా ముందే నవ్వించీసినాను.”



మర్నాడు పొద్దున్న పుష్ప చేతికర్ర పట్టుకుని, మోటార్లు గుయ్యిమంటుంటే, బొత్తాల కొట్టు దాకా నడిచింది. వెనకాలే మేమిద్దరం. ఆటోలు ఆగలేదు. జగ్గయ్య తల తిప్పకుండా తన గ్లాసులు మాత్రం లోపలికి జరుపుకున్నాడు.

కొట్టు మెట్టు మీద నిలబడి పుష్ప వెనక్కి తిరిగింది. మొహం చిన్నబుచ్చుకుంది.

“ఏటన్నా ఇది, ఒక్కరూ సూళ్ళేదు! కొత్త సీర కట్టుకొచ్చాను!”