ఉప్పు ఓ పిసరు తగ్గిందన్నారు

స్టీలు కేరేజీ గిన్నెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వింటే ఇప్పటికీ నా గొంతు బిగుసుకుపోతుంది. ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట ఆ చప్పుడు లేని రోజు ఉండదు. అందుకని ఆ వేళకి స్టోరు గదిలోకి వెళ్ళి, దుప్పట్లు మడత పెడుతున్నట్టు నిలబడతాను. కొన్నేళ్ళుగా ఇదే అలవాటు.

నేను ఆసుపత్రిలో ఆయాని. డెల్టాలో ఒక టౌను. ఏ టౌనో చెప్పను. పుట్టింది ఉప్పాడ ఒడ్డున. మా ఇల్లు సముద్రం తీసుకుపోయాక మా ఆయనా నేనూ ఇటు వచ్చేశాం. ఆయన ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. నేను కాంట్రాక్టు మీద ఇక్కడ చేరాను. చేరిన రోజు కాగితం మీద సంతకం పెట్టమంటే నా పేరు ముగ్గు వేసినట్టు గీశాను. అప్పట్లో ఆ ముగ్గు ఒక్కటే వచ్చు నాకు. చదవటం వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు.

చదువు లేకపోయినా సరుకు తారుమారు కాకుండా చూసుకోవటం మా వాళ్ళకి తెలుసు. మా అమ్మ చేపలు అమ్మేది. ఒడ్డున కొన్న చేపల బుట్టలన్నీ ఒకే ఆటోలో వేసి సంతకి పంపేవారు. ఏ బుట్ట ఎవరిదో తెలియటానికి ప్రతి ఆడమనిషీ తన పాత చీర చించి, ఒక పీలిక బుట్టకి కట్టేది, దాని జత పీలిక తన ముంజేతికి కట్టుకునేది. సంతలో దిగాక రంగుకి రంగు చూసుకుని బుట్ట తీసుకోవటమే. ఒక్క బుట్ట కూడా మారటం నేను చూడలేదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో వార్డులోకి ఇంటివాళ్ళని రానిచ్చేవారు కాదు. భోజనం కేరేజీలు గేటు దగ్గర మా చేతికిచ్చేవారు. నా వార్డుకి పది పన్నెండు వచ్చేవి. ప్రతిదాని మీదా పేరు రాసిన కాగితం అంటించి ఉండేది. నేను ఇంట్లోని పాత చీరలు చించి పట్టుకెళ్ళాను. ఒక పీలిక కేరేజీ పిడికి, దాని జత మంచం ఊచకి. మొదటి రోజు మాత్రం ఏ మంచమో అడిగి కట్టేదాన్ని. మర్నాటి నుంచి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

మా వార్డు నర్సుని అందరం సిస్టరమ్మ అంటాం. ఆవిడ చూసి మెచ్చుకుంది.

"భలే పని చేశావే! ఈ పీపీఈ తొడుగులేసుకుంటే కళ్ళద్దాలు మసకేసి, పేర్లు నాకే కనపడి చావట్లేదు."

నేను నవ్వాను. ఆ తొడుగులో ఏడ్చినా నవ్వినా బయటికి ఒకటే.

పసుప్పచ్చ పీలిక ఒక రైతుగారిది. కాలవ గట్టు మీద పల్లె నుంచి ఆయన భార్య రోజూ ఆటోలో వచ్చేది. అరవై దాటిన మనిషి. మూతికి మాస్కు, దాని మీద మళ్ళీ కొంగు. కేరేజీ నా చేతికిచ్చాక కదిలేది కాదు.

"నిన్నటిది తిన్నారా అమ్మా?"

"తిన్నారండి. ఇదిగోండి, ఖాళీ."

కడిగి తెచ్చిన గిన్నెలే అయినా మూత తీసి లోపలికి చూసేది.

"ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదండి."

"అదేంటమ్మా! ఈ నలభై ఏళ్ళలో వంక పెట్టకుండా ముద్ద మింగిన రోజు లేదు ఆయన. ఒంట్లో బాగానే ఉందంటావా?"

ఒకరోజు కేరేజీతో పాటు చిన్న గిన్నె కూడా ఇచ్చింది. "కొత్తావకాయ. నిన్ననే కలిపాను. ఇంకా ఊరలేదు, అయినా ఆయన ఆగలేరు. ఎలా ఉందో అడిగి చెప్పమ్మా, మర్చిపోకు."

మర్చిపోయాను. ఆ రోజు వార్డులో ఇద్దరు పోయారు. పసుప్పచ్చ పీలిక ఉన్న మంచం మీద మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మొహానికి ఆక్సిజన్ మాస్కు. పక్క బల్ల మీద కేరేజీ పెట్టి వచ్చేశాను. సాయంత్రం చూస్తే గిన్నెలు ఖాళీ.

మర్నాడు గేటు దగ్గర ఆవిడ మొదటి మాటే, "ఏమన్నారు?"

మళ్ళీ ఏమీ అనలేదంటే ఆ కళ్ళు ఎలా అవుతాయో నాకు తెలుసు. అందుకని అనేశాను.

"ఉప్పు ఓ పిసరు తగ్గిందన్నారండి."

మాస్కు పైన ఆ కళ్ళు నవ్వాయి. "అద్గదీ! అన్నారా! అయితే బాగానే ఉన్నారు. ఇంటికొచ్చి ఆయన్నే కలుపుకోమను, చూద్దాం," అంది. ఆ రోజు గేటు దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా ఆటో ఎక్కింది.

ఆ మర్నాడు ఆవిడ కేరేజీ నా చేతికిస్తుండగా సిస్టరమ్మ కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి ఒక పేరు పిలిచింది. ఆవిడ "మేమేనండి" అంది.

"ఇవాళ తెల్లవారుజామున పోయారమ్మా. పైన ఐసీయూలో. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ వస్తోంది."

"ఆ ఫోను ఆయన దగ్గరే ఉందండి," అంది ఆవిడ, జవాబు చెప్పటం ముఖ్యమన్నట్టు. తర్వాత, "కాదండి, మావారు కాదండి. నిన్న మధ్యాహ్నం కూడా తిన్నారు. చూడండి, ఖాళీ కేరేజీ," అని నా రెండో చేతిలోని గిన్నెలు తీసుకుని సిస్టరమ్మకి చూపించింది.

నేను వార్డులోకి పరిగెత్తాను. మంచం ఊచకి పసుప్పచ్చ పీలిక అలాగే ఉంది. మనిషి ఇటు తిరిగాడు. నలభై ఏళ్ళు కూడా ఉండవు. మాస్కు పక్కకి జరిపి, "మొన్న తెల్లారి తెచ్చి పడుకోబెట్టారండి ఇక్కడ. మాకెవరూ లేరండి భోజనం తెచ్చేవాళ్ళు. గవర్నమెంటు భోజనమైనా ఆవకాయ కూడా వేస్తున్నారండి, బాగుంది," అన్నాడు.

రైతుగారిని అంతకుముందే పైకి మార్చారు. మనిషి వెళ్ళాడు, పీలిక ఉండిపోయింది. బుట్టలు వాటంతట అవి లేచి ఇంకో చోటికి పోవు కదా. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆ గందరగోళంలో ఎవరూ ఏదీ ఆరా తీయలేదు. భర్తని ఆవిడకి దూరం నుంచి, చుట్టేసి ఉండగా చూపించారు. మొహం చూడలేదు.

నెల తిరిగేసరికి నాకు ముద్ద దిగటం మానేసింది. నోట్లో పెట్టుకుంటే బాగానే ఉంటుంది, మింగబోతే గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టు. గుండె దడ, అరచేతులకి చెమట. అలాగే డ్యూటీకి వెళ్ళేదాన్ని. మానేస్తే నా బదులు ఇంకొకరిని పెట్టుకుంటారు. పైగా ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం. పని చేస్తున్నంతసేపూ కాళ్ళు నడుస్తాయి, చేతులు తుడుస్తాయి.

"ఏంటే, ముల్లు గుచ్చుకుందా? ఉప్పాడ దానికి ముల్లు గుచ్చుకుందంటే నవ్విపోతారే!" అని మా ఆయన మొదట్లో ఎగతాళి చేశాడు. మా వైపు ముల్లు గుచ్చుకుంటే ఉత్త అన్నం పెద్ద ముద్ద చేసి నమలకుండా మింగిస్తారు. ఆయన ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టాడు. నేను ఆ ముద్ద వైపు చూసి గోడదాకా వెనక్కి జరిగాను. ఆ తర్వాత ఆయన ఎగతాళి చెయ్యలేదు. రోజూ పొద్దున్నే గంజి కాచి, గ్లాసులో పోసి పెట్టి వెళ్ళేవాడు.

గొంతులో గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. "ఇది గొంతు జబ్బు కాదమ్మా. మనసులో ఒత్తిడి. ఆ రోజుల్లో పనిచేసిన వాళ్ళు చాలామంది ఇలాగే వస్తున్నారు," అన్నాడు డాక్టరు. మాత్రలిచ్చాడు. దడ కొంత తగ్గింది. పిడికిలి వదల్లేదు.

సిస్టరమ్మ ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నాకూ నిద్ర పట్టేది కాదే. నేను నోట్సులో రాసుకుంటాను. నువ్వూ రాసుకో, తేలికవుద్ది."

"నాకు రాయటం రాదండి."

"తప్పుల్లేకుండా రాయమన్నానా ఏంటి?"

"అసలు రాదండి. చదవటమూ రాదండి."

ఆవిడ మొదట నవ్వబోయింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మరి కేరేజీలు..." అని అక్కడే ఆపేసింది. గేటు దగ్గర తనకి చూపించిన ఖాళీ గిన్నెలు ఆవిడకి గుర్తొచ్చాయని మొహం చూస్తే తెలిసింది. మర్నాడు భోజనాల వేళ పాత కాగితాల వెనక అ, ఆ రాసి నా ముందు పెట్టింది. యాభై రెండో ఏట నా చదువు అలా మొదలైంది. గుణింతాలు వచ్చాక నేను అడిగి రాయించుకున్న మొదటి పేరు నాది కాదు, ఆ రైతుగారిది. నాలుగు అక్షరాలు. కేరేజీ మీద రోజూ నా కళ్ళ ముందే ఉండేవి.

ఏడాది తిరిగిందో లేదో రైతుగారి భార్య నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చింది. చేతిలో సీసా.

"ఈ ఏటి ఆవకాయమ్మా. ఆయన చివరి మాట నువ్వే కదా తెచ్చిచ్చావు. ఉప్పు తగ్గిందన్నారు కదా, ఓ గుప్పెడు ఎక్కువేశాను. ఇక ఎప్పుడూ అంతే వేస్తాను."

సీసా తీసుకున్నాను. ఏం చెయ్యను? మా ఆయన తిన్నాడు. "ఉప్పు మండిపోతోందే," అన్నాడు. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ సీసా వచ్చేది. సీసా వచ్చిన వారం నాకు గంజి కూడా దిగేది కాదు.

ఆవిడకి నిజం చెప్పేస్తానంటే సిస్టరమ్మ ఒప్పుకోలేదు. "నీ గొంతు బాగుపడటానికి ఆవిడ దగ్గరున్న ఆ ఒక్క మాటా లాక్కుంటావా?" అంది. అందులో అబద్ధం లేదు. అందుకే మూడు వేసవులు ఊరుకున్నాను. కానీ ఆ గుప్పెడు ఉప్పు ఏటా నా పేరు మీద పడుతూనే ఉంది.

మొన్న వేసవిలో సీసా వచ్చేలోపే నేనే ఆ పల్లెకి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. గుడ్డ మీద మామిడి ముక్కలు, పళ్ళెంలో కారం, ఆవపిండి, ఉప్పు. పక్కన ఆకులో విడిగా ఇంకాస్త ఉప్పు.

"నువ్వా అమ్మా! రా, రా. ఎండలో పడి వచ్చావేంటి," అంటూ నేను చూస్తున్నది గమనించి, ఆకు చూపించింది. "అది ఆయన వాటా."

మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. పీలికల సంగతి, మంచం సంగతి. ఆవిడ ఆకులో ఉప్పు గుప్పెట్లోకి తీసుకుని అలాగే వింది.

"పేరు రాశాం కదమ్మా," అంది. "మా మనవరాలు ఎర్రసిరాతో ఇంతింత అక్షరాలు రాసింది."

"నాకు అప్పటికి చదవటం రాదండి."

"అయితే ఆవకాయ తిన్నది?"

"వేరే ఆయనండి."

"ఉప్పు తగ్గిందన్నది ఆయనా?"

"ఎవరూ అనలేదండి. నేనే అన్నాను."

ఈగలు ముక్కల మీద వాలుతుంటే ఆవిడ తోలలేదు.

"బతికాడా ఆ అబ్బాయి?"

"బతికారండి. ఇంటికెళ్ళారు."

"పోన్లే." నా వైపు చూడకుండా అడిగింది. "మరి ఈయన ఏం తిన్నారు, ఆ రెండు రోజులూ?"

"తెలీదండి."

"ఇన్నేళ్ళలో కనుక్కోలేదా?"

కనుక్కోలేదు. అసలు ఆ ప్రశ్నే నాకు రాలేదు. నేను పెట్టిన తప్పు కూడు గురించే కుమిలిపోయాను గానీ, అదే సమయంలో మెట్లెక్కితే ఉండే గదిలో ఆయన ఆకలి సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆవిడ నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. నేను లేచి వచ్చేశాను. గుప్పెట్లో ఉప్పు పళ్ళెంలో వేసిందో, లేదో చూడలేదు.

ఈసారి సీసా రాలేదు.

పైన ఐసీయూలో అప్పుడు పనిచేసిన ఆయాలు చాలామంది మానేశారు. ఉన్నవాళ్ళని అడిగితే, "ఎవరికి గుర్తుంటదే, ఒకళ్ళా ఇద్దరా," అన్నారు. ఒకామె మాత్రం, ఎవరికి ఏం పట్టారో రాసే పుస్తకం ఉండేదంది. వానాకాలం మొదలయ్యాక పాత సామాన్ల గదిలో అది దొరికింది. అట్టకి చెద పట్టింది. పేజీలు ఒక్కొక్కటి వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళాను. ఎన్ని పేర్లు. కొన్ని ఒక్క పేజీలోనే కనపడి మళ్ళీ కనపడవు. ఒక్కో పేరూ పైకి చదివితే గదిలో ఎవరో పలికినట్టు ఉండేది. అయినా పైకే చదివాను, నాకు లోపల చదువుకోవటం ఇంకా సరిగా రాదు.

ఆ నాలుగు అక్షరాలు దొరికాయి. మొదటి రోజు ఎదురుగా: గంజి, అర గ్లాసు. రెండో రోజు ఎదురుగా ఒక గీత. అడ్డంగా, చిన్నది.

ఆ రెండు వరసలూ నా చేత్తో కాగితం మీద ఎక్కించుకున్నాను, గీతతో సహా. ఇవాళ పొద్దున మా ఆయన పోసిపెట్టిన గంజిలో అర గ్లాసు తాగి ఆపాను. అర గ్లాసంటే ఎంతో చూడాలనిపించింది. ఎంతో లేదు.

ఆదివారం సెలవు. ఆ పల్లెకి వెళ్తాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. గీత అంటే ఏంటమ్మా, వద్దన్నారా, ఎవరూ పెట్టలేదా అని ఆవిడ అడుగుతుంది. ఆ కళ్ళు నా మొహం మీదే ఉంటాయి. తెలీదండి అని చెప్పాలి. ఇంకేమీ చెప్పకూడదు.