టైమి అంటే టైము కాదు

గల్ఫ్ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు బహ్రెయిన్ వెళ్ళి, అరాద్‌లో ఒక ఫిన్లాండ్ దంపతుల ఇంట్లో పనికి కుదిరాను. మూడు నెలలు చూస్తారని, పని నచ్చకపోతే వెనక్కి పంపేస్తారని ఏజెంటు ముందే చెప్పాడు. ఇంటిల్లిపాదినీ ఎదిరించి వచ్చినదాన్ని. ఓడిపోయి మళ్ళీ ఊళ్ళో దిగడమంటే నాకు తలకొట్టేసినట్టే.

సారు నెమ్మదైన మనిషే. కానీ రోజుకు పదిసార్లు గదిలోంచి "టైమీ" అని కేకేసేవాడు. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో టైము ఒకటి. విన్నప్పుడల్లా కంగారుగా గోడ గడియారం వైపు చూసేదాన్ని. పక్కింట్లో పనిచేసే మా కోనసీమ ఆవిడతో చెప్పుకుంటే ఆవిడ ఆ మంటలో మరికాస్త నెయ్యి పోసింది.

"టైమ్ టైమ్ అంటన్నాడంటే నీ పని ఆలీసెం అయిపోతందనేనే. తొరగా సెయ్యి. లేపోతే ఖలాస్, ఇమానం ఎక్కించేత్తారు."

అప్పట్నుంచి కూర్చుని తిన్నది లేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అనలేదు. ఒకరోజు సారు కేకకు ఉలిక్కిపడి, మేడమ్ కిటికీలో పెంచుకుంటున్న టమాటా నారు డబ్బాను కింద పడేశాను. ఆమె రాగానే ఏడుపు ఆగలేదు. నా టైమ్ అయిపోయిందా, పంపించేస్తారా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అయ్యాక నవ్వేసింది. టైమి ఆమె పేరట. ఇన్నాళ్ళూ సారు పిలుస్తున్నది పెళ్ళాన్ని. వాళ్ళ భాషలో ఆ మాటకు నారుమొక్క అని అర్థమని, నేల మీద పడ్డ మొక్కనే చూపించి చెప్పింది. వాళ్ళ అమ్మమ్మల కాలంలో జనం పరాయి పేర్ల బదులు సొంత భాషలోని మాటలనే పిల్లలకు పెట్టుకోవడం మొదలుపెట్టారట. అమ్మమ్మకు అలా వచ్చిన పేరే ఈమెకూ పెట్టారు.

"నీ పేరుకు అర్థమేమిటి?" అంది.

సిగ్గుతో చితికిపోయాను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, నన్ను పెంటకుప్ప మీద దొర్లించి ఆ పెంట పేరే పెట్టారు. చెత్తనుకుని చావు నా జోలికి రాదని మా అమ్మ నమ్మకం. దాచలేక అదంతా చెప్పాను.

ఆమె మట్టిని దోసిళ్ళతో డబ్బాలోకి ఎత్తుతోంది.

"నారు బతకడానికి కావలసింది ఆ పెంటే కదా," అంది. "నువ్వు వెళ్ళిపోతే ఎలా?"

ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. ఆమె చేసిన మేలు చచ్చినా మరవను. పుట్టాక నా పేరు విని మొహం చిట్లించని మొదటి మనిషి ఆమె.