మిర్చి రంగు పులి

ముందే చెప్పేస్తే నాకూ మీకూ హాయి. నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో కూర కాస్త మాడితే, ఆ సంగతి నా నోట బజారు చేరేసరికి ఫైరింజను వచ్చి పోయి ఉంటుంది. ఈ పులి సంగతిలోనూ ఒక ముక్క నేను కల్పించిందే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను, మధ్యలో వెతుక్కుంటూ కూర్చోకండి.

ఎనుమాముల మార్కెట్లో మాకు మిర్చి అడ్తి ఉంది, రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెడతాం. నేనూ మా ఆవిడ వాళ్ళన్నా కలిసి నడుపుతాం. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అంటాను. ఏటా మా రైతులకు క్యాలెండర్ పంచుతాం, దాని మీద ఎప్పుడూ అమ్మవారి బొమ్మే. ఈసారి నేను తీసిన పులి ఉండాలని నాకు పట్టుదల పుట్టింది.

ఎండాకాలంలో గోదావరి అవతల ఒక అడవికి సఫారీకి పోయాను. జీపులో మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళో నాకు తెలియదు. పొద్దు వాలుతుండగా చెరువు గట్టు మీదికి పులి వచ్చింది. మా లారీ అంత పులి. అది వస్తుంటే జీపు ఇంజను దానంతటదే ఆగిపోయింది. గట్టు మధ్యలో ఆగి, తల తిప్పి నా కళ్ళలోకి చూసింది. అప్పుడు నా చేతులు వణికిన వణుకుకు రెండు క్వింటాళ్ళ మిర్చి దానంతటదే తొడిమ ఊడేది. అయినా కెమెరా నొక్కాను.

ఇంటికొచ్చి చూస్తే ఫోటోలో పులి బొగ్గుముక్కలా ఉంది. వెనక చెరువు నీళ్ళ మీద పొద్దు తళతళలాడుతోంది కదా, కెమెరా ఆ మెరుపును లెక్కలోకి తీసుకుని ఫోటో మొత్తానికీ వెలుగు తగ్గించేసింది. చెరువు బాగా పడింది. పులి చీకట్లో పోయింది.

ఆ ఫోటో పట్టుకుని బావ దగ్గరికి పోయాను.

"పులా ఇది? బర్రె అన్నా నమ్ముత," అన్నాడు.

"పులే బావా. నీడల ఉన్నది."

"పోయిన యాడాది మేడారం తొవ్వల దుప్పిని చూసి ఎలుగుబంటి అన్నవ్. అది గూడ నీడలనే ఉండె." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూడు బావా, రైతులు మన మాట మీద సరుకు తెస్తరు. వాళ్ళ ఇంట్ల గోడకు అబద్ధం ఎట్ల తగిలిస్త? ఇది అడవిల తీసిందేనని నాకు నమ్మకం కుదరాలె. కుదిరితె అచ్చుకిస్త. లేకుంటె ఎప్పటి లెక్క అమ్మవారే."

జీవితంలో మొదటిసారి నిజం చెప్తుంటే, రుజువు అడుగుతున్నారు.

లాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుగు, పెంచాను. పులితో పాటు చెరువూ పెరిగింది. చెరువు తెల్లకాగితమైంది, పులి బూడిద రంగుకొచ్చింది. రంగు లేదు కదా అని, రంగులు చిక్కబరిచే సాచురేషన్ మీద పడ్డాను. మా వ్యాపారంలో ఎరుపు పెరిగితే సరుకు బాగున్నట్టే లెక్క. ముప్పై ఏళ్ళుగా అదే చూసిన కన్ను ఊరుకుంటుందా? పులి తేజ రకం మిర్చి రంగుకొచ్చేదాకా పెంచాను. గడ్డి చిలకపచ్చ అయింది. చూస్తుంటే నాకే తుమ్ములొచ్చాయి.

"దీన్ని తొడిమ తీసి, మిర్చి లెక్క ఏసీ గోదాంల పెట్టాల్నా?" అన్నాడు బావ.

తర్వాత హనుమకొండలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోకు పోయాను. స్టూడియో అతను ధైర్యం చెప్పాడు. "ఫికర్ చెయ్యకండి సార్, ఫైల్‌ల అన్నీ ఉన్నయ్. తెల్లారేసరికి తయారు చేస్త." నిజంగానే చేశాడు. అతని చేతికి ఏ మొహం వచ్చినా ముందు తెల్లగా చేస్తాడు, తర్వాత చర్మం నున్నగా చేస్తాడు. అది అలవాటు. పులికీ అదే మర్యాద జరిగింది. చారలు మచ్చలనుకున్నాడో ఏమో, సగం తుడిచేశాడు. బుగ్గల మీద లేత గులాబీ రంగు. మెడలో ఒక దండ వేస్తే పీటల మీద కూర్చోబెట్టొచ్చు.

అది చూసి మా ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది, "మిర్చి రంగు ఎట్ల చూస్తరు మీరు?"

"ఎండల, తెల్ల తువ్వాల మీద పోసి."

నిజమే. రేకుల షెడ్డు కింద ట్యూబ్‌లైటు వెలుగులో రంగు పోయిన తాలు కాయ కూడా ఎర్రగానే అనిపిస్తుంది. పక్కన తెలుపు ఉంటేనే ఎరుపు ఎంతో తెలుస్తుంది.

"మరి పులికేది తువ్వాల?"

మొదటి ఫోటో మళ్ళీ తెరిచాను. ఓ మూల, గట్టు చివర, అటవీశాఖ వాళ్ళు పాతిన హద్దురాయి ఉంది. సున్నం కొట్టిన రాయి. ఫోటోలో అది నీలంగా ఉంది, అంటే ఫోటో మొత్తం నీలం వైపు ఒరిగినట్టు. ఏది తెలుపో ఫోటోకు చూపించే వైట్ బ్యాలెన్స్‌ను ఆ రాయి మీద నొక్కాను. రాయి తెల్లబడింది. దానితో పాటు పులికి పులి రంగు వచ్చింది. తర్వాత చెరువు మెరుపు తగ్గించి, నీడలు మాత్రం కొంచెం లేపాను. సాచురేషన్ జోలికి పోలేదు. పోకుండా ఉండటానికి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ప్రింటు తీసి ఇస్తే బావ షెడ్డు కింద చూడలేదు. బయటికి తీసుకుపోయి, ఎండలో తెల్ల తువ్వాల పరిచి, దాని మీద పెట్టాడు. వంగి చూశాడు. ఇటు తిప్పి చూశాడు.

"గడ్డి ఎండి ఉన్నది," అన్నాడు. "పులి గూడ జర మాసినట్టున్నది. దుమ్ముల తిరిగే జంతువు గదా." ఇంకాసేపు చూశాడు. "ఇది నీ ముచ్చట లెక్క లేదు బావా. అందుకే నమ్ముతాన."

క్యాలెండర్ అచ్చయింది. అమ్మవారిని పక్కకు జరపడం తనకిష్టం లేదని బావ ఆమెను పైన చిన్నగా వేయించాడు. కింద మొత్తం పులి.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది. రాయి, తువ్వాల, స్టూడియో అన్నీ ఉన్నవే. లారీ, ఇంజను, వణుకు సంగతి మీకు ముందే చెప్పాను, పెంచి చెప్తానని. కల్పించింది ఒక్కటే, పులి నా వైపు చూసిందన్నది. అది చూడలేదు. ఆగలేదు కూడా. తన దారిన తను గట్టు దాటి పోయింది. క్యాలెండర్‌లో ఉన్నదీ అదే, పక్కనుంచి కనిపించే పులి, దాని చూపు ముందుకే. రైతులు గోడ మీది ఫోటో చూసి, "నీ దిక్కు చూసిందా అన్నా?" అని అడుగుతున్నారు.

చూసిందనే చెప్తున్నాను.