ఆ బకెట్లకి మనిషి

జంగ్లీఘాట్‌లో మేమంతా పెద్దమ్మ అని పిలుచుకున్నావిడ పోయిన వారం కన్నుమూసింది. కబురు వచ్చేసరికి కాలేజీలో పాఠం చెబుతున్నాను. పుస్తకం మూసేసి, జంగ్లీఘాట్ పెద్దమ్మ పోయిందన్నాను. ఎవరు మేడమ్ అని అడిగారు విద్యార్థులు. “మీలాంటి వాళ్ళకి టీ పోసి, తిట్టి, నిలబెట్టిన మనిషి” అన్నాను.

ఆవిడకీ నాకూ చుట్టరికం లేదు. వాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి, చేపల వేట నమ్ముకుని ఈ దీవులకి వచ్చినవాళ్ళు. నేను అదే ఊళ్ళో డైరీ ఫార్మ్ అనే పేటలో, ఇంటి మీద ట్యాంకు ఉన్న క్వార్టర్సులో పెరిగాను. డిగ్రీ చదివేటప్పుడు స్నేహితురాళ్ళం కలిసి పెద్దమ్మ వాళ్ళ వీధి పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పడానికి వెళ్ళాం. తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే తల దించుకుంటారు. పెద్దమ్మ వలలన్నీ ఓ మూలకి నెట్టి వరండా ఖాళీ చేసింది.

ఒకరోజు వరండా నిండేది, మర్నాడు ఒక్కరూ కనబడేవారు కాదు. పిల్లలు రాకపోతే ఆ క్లాసు ఎత్తేయమన్నారు మా లెక్చరర్. ఈ వీధికి చదువంటే లక్ష్యం లేదని మేమూ తేల్చేశాం. డిగ్రీ మొదటి ఏడు కదా, మాకు తెలియనిదంటూ లేదు. చాపలు చుట్టుకుని, ఇక రామని చెప్పడానికి వెళ్ళాం.

“పానీ వచ్చీరోజు పిల్లగుంటలెలాగొస్తారే?” అంది పెద్దమ్మ. “అమ్మలు చేపలమ్ముకోడానికెల్తారు. బకెట్టుకాడ ఈళ్ళే నిలబడాల.”

అక్కడ వీధి కుళాయికి రోజు విడిచి రోజు, సరిగ్గా మా క్లాసు వేళకే నీళ్ళు వస్తాయి. పక్కన మనిషి లేని బకెట్టుని వెనక్కి నెట్టేయడం ఆ వీధి కట్టుబాటు.

మళ్ళీ నీళ్ళు వచ్చే రోజున పెద్దమ్మ తన ఎర్ర బకెట్టు, ఓ ప్లాస్టిక్ స్టూలు పట్టుకెళ్ళి కుళాయి పక్కన కూర్చుంది. పిల్లల్ని వరండాకి తోలింది. ఎదురింటి దీదీ ఊరుకోలేదు. “మడుసుల్లేని బకెట్లు లైన్లో ఎందుకుంటాయి? హటావో” అని ఒకదాన్ని వెనక్కి తన్నింది. పెద్దమ్మ లేచి దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టింది.

“ఈటన్నిటికీ నానే మడిసిని. నన్ను నెట్టు ముందు.”

ఆ మాట వరండాలోకి వినబడింది. నాకు ఏడుపొచ్చింది. పిల్లలు నవ్వుకుంటూ అ ఆలు దిద్దారు.

ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆవిడ ఆ స్టూలు వదల్లేదు. దీదీతో పోట్లాటా వదల్లేదు. ఏటేటా కొత్త వాలంటీర్లు వచ్చేవారు. వాళ్ళు రాగానే టీ, వేయించిన చేప ముక్క. మొహమాటపడితే “సేవ సేసినోల్లకి ఆకలెయ్యదేటి?” అనేది. పిల్లలు రాలేదని ఎవరైనా దిగులుపడితే “వలేసినోడు రోజూ సేప పడిందేటని ఏడిస్తే రేపెవుడెల్తాడు?” అనేది. ఇప్పుడు అక్కడ చదువు చెప్పడానికి వెళ్ళే నా విద్యార్థులు డీలా పడితే ఆ మాటే అరువు తెచ్చుకుంటాను. వాలంటీర్లని మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళ వెనక కూర్చునేవాళ్ళే అరుదు.

ఆవిడ పోయాక మొదటిసారి నీళ్ళు వచ్చే రోజు విద్యార్థులని తీసుకుని వెళ్ళాను. పిల్లలు రారని, క్లాసు ఈ రోజుతో సరి అని భయంగానే ఉంది. వరండా నిండా పిల్లలు. కుళాయి వైపు చూశాను. స్టూలు అక్కడే ఉంది, ఖాళీగా. దాని పక్కన ఎదురింటి దీదీ నిలబడి ఉంది. వీధికి కొత్తగా వచ్చినావిడ ఎవరో ఈ బకెట్లు ఎవరివని గదమాయించింది.

“మడిసుంది. ఎల్లెల్లు” అంది దీదీ. స్టూలు మీద మాత్రం కూర్చోలేదు. ఒక్కో బకెట్టునీ కాలితో మెల్లగా ముందుకి జరుపుతూ నిలబడింది. ఆ వరసలో పెద్దమ్మ ఎర్ర బకెట్టు కూడా ఉంది, తన వంతు కోసం.