బావ బండికి ప్లాస్టిక్ ట్యాంకు

మా అక్క మొగుడు బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఇప్పుడు ఆయన్ను ఏమని పిలవాలో నాకు తెలియదు. ఇది రాస్తున్నంతసేపూ బావ అనే అంటాను, వేరే మాట నోటికి రాదు.

ఆయన సొంత ఊరు పుల్లలచెరువు అవతల, అడవి అంచున. పెళ్ళయ్యాక మార్కాపురంలో ఇల్లు అద్దెకు తీసుకుని అక్కతో ఉండేవాడు. పొద్దున్నే బండి వెనక పానాల సంచి, కేబుల్ చుట్ట కట్టుకుని ఊళ్ళ మీదికి బయలుదేరేవాడు. ఆ పక్క ఊళ్ళలో బోరు మోటారు ఆగిందంటే పొలం సంగతి తర్వాత, తాగడానికే నీళ్ళుండవు. ఖాళీ బిందెలు పక్కన పెట్టుకుని జనం ఈయన కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. నేను గిద్దలూరులో ఒక ఎరువుల దుకాణంలో పనిచేస్తున్నాను, అప్పుడూ అక్కడే. మా ఊరు రాచర్ల దగ్గర. అమ్మా నాయనా గొర్రెలు మేపుకుంటూ అక్కడే ఉంటారు.

బావ బండి పాత వంద సీసీ బండి. ఇంజన్ గట్టిది గాని ట్యాంకు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడేది. చెమ్మ కనపడిన చోటల్లా సబ్బు రుద్దేవాడు, ఆపైన సీలు ముద్ద అంటించేవాడు. నెల తిరిగేసరికి పక్కన ఇంకోచోట చెమ్మ. లోపలి తుప్పు రజను కార్బొరేటర్లోకి దిగి బండి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. ఒకసారి నడి ఎండలో అడవి దారిలో ఆగిపోతే, బాగుచేసిన మోటారు వెనక కట్టుకుని ఊరిదాకా బండి తోసుకుంటూ పోయాడట. ఆ సంగతి నాకు అక్క ఫోన్లో చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో జాలి లేదు, కోపమూ లేదు. ఎవరో పొరుగింటాయన గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు దిగులేసింది.

అంతకుముందు ఏడాది అక్కకు కాన్పులో బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆ తర్వాత ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ఇద్దరూ నాతో మాట్లాడేవారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం చూడలేదు. 'అన్నం పెట్టమంటాడేమో మీ బావను అడుగు' అనేది అక్క, ఆయన పక్కనే ఉన్నా.

బండికి కొత్త రేకు ట్యాంకు దొరకలేదు. ఆ మోడలే ఆపేశారన్నారు. మార్కాపురంలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాం, దర్శిలో చూశాం. దొరికినవి బావ ట్యాంకు కంటే అధ్వాన్నంగా ఉన్నాయి. చివరికి నేనే ఫోన్లో వెతికి పట్టుకున్నాను. కొండదారుల్లో బండ్లు తోలేవాళ్ళ కోసం ఎవరో ప్లాస్టిక్ ట్యాంకులు చేసి అమ్ముతున్నారు. తుప్పు పట్టదు, పాతదానికి రెట్టింపు పెట్రోలు పడుతుంది. బావకు ఫొటో పంపితే, 'తెప్పించు బామ్మర్దీ' అన్నాడు.

అది వచ్చిన ఆదివారం నేను మార్కాపురం వెళ్ళాను. అట్టపెట్టె విప్పి వరండాలో పెట్టాం. తెల్లగా, వెలుతురుకు పెడితే అవతల చెయ్యి మసకగా కనపడేట్టు ఉంది. అక్క వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఇది ట్యాంకా, నూనె క్యానా?" అంది.

బావ నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు విని చాలా రోజులైంది.

గంటలో అయిపోయే పని అనుకున్నాం. పాత ట్యాంకు ఊడదీయడం సులభంగానే అయింది. సీటు తీసి, పెట్రోలు బకెట్లోకి వంచి, వెనక బోల్టు విప్పి పైకి లాగితే వచ్చేసింది. కొత్తదే ఒక పట్టాన కూర్చోలేదు. ముందు వైపు రబ్బరు బుష్షులు పట్టాల్సిన గాడులు ఇరుకు. బావ కత్తితో కొంచెం కొంచెం గీకి వెడల్పు చేశాడు. పెట్రోలు వదిలే కాక్ పాత ట్యాంకుకు ఎడమ పక్క ఉంటే దీనికి కుడి పక్క వచ్చింది, పైపు పొడవు చాలలేదు. అది నేను బజారుకు పోయి తెచ్చాను. వెనక బోల్టు బెజ్జం వేలెడు దూరం తప్పింది. ఆదివారం వెల్డింగు షాపు మూసేశారు. బావ తన సంచిలోంచి పాత మోటారు క్లాంపు ఒకటి తీసి, రాతిమీద పెట్టి సుత్తితో సాపు చేసి, దానికే బెజ్జం పొడిచి పట్టీ తయారుచేశాడు. ట్యాంకు అడుగు ఇంజనుకు తగలకుండా లారీ ట్యూబు ముక్కలు కోసి మధ్యలో పెట్టాం.

కాక్ బిగించే దగ్గర బావకు రెండు చేతులూ చాలలేదు. బావ తల ఎత్తకుండానే, "ఇట్ల రా, ఇది పట్టుకో" అన్నాడు. నన్ను అనుకుని నేను లేవబోయాను. అంతలో అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుని ట్యాంకును రెండు చేతులతో పట్టుకుంది. మరలకు చుట్టే తెల్ల టేపు బావ హడావిడిగా చుడుతుంటే, "అట్ల గాదు, ఎదురు చుట్టు చుడతాండవు. బిగించేటప్పుడు ఊడొస్తది" అని తనే తీసుకుని చుట్టింది. పైపుల పని ఆమె రోజూ చూసిందే. బావ పానా ఆమె చేతికే ఇచ్చాడు.

"చాల్లే, ఇంక ఆపు. ఇనుము లెక్క గాదు ఇది, మర చీలిపోతది" అన్నాడు కాసేపటికి.

"నాకు తెల్దా" అంది అక్క.

నేను మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఇంత మామూలు మాటలు విని ఎందుకంత సంతోషపడ్డానో వాళ్ళకు తెలియదు.

బకెట్లో పెట్రోలు గుడ్డలో వడగట్టి పోశాం. తెల్ల ప్లాస్టిక్కు లోపల పెట్రోలు ఎంతదాకా ఉందో గీత గీసినట్టు కనపడింది. ఇక బండి ఊపి చూసుకునే పని లేదని బావ సంబరపడ్డాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. "ఒక తూరి తోలి చూసొద్దాం పా" అని నన్ను వెనక ఎక్కించుకున్నాడు. అక్క గేటు దాకా వచ్చింది. బంకులో పెట్రోలు పోయించుకుని పుల్లలచెరువు దారి పట్టాం.

కొంత దూరం బాగానే పోయింది. తర్వాత గుటకలు మింగుతున్నట్టు ఆగి ఆగి, పూర్తిగా ఆగిపోయింది. బావ మూత తీసి పెట్రోలు చూశాడు, నిండుగా ఉంది. మూత పెట్టి కిక్కు కొడితే స్టార్టయింది. మళ్ళీ కొంత దూరం పోయి ఆగింది. ప్లగ్గు విప్పి తుడిచాం. కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పి చూశాం. ప్రతిసారీ స్టార్టవుతుంది, మళ్ళీ ఆగుతుంది. మూడోసారో నాలుగోసారో బావ మూత తిప్పుతూ చెవి దానికి ఆనించాడు. లోపలికి గాలి పీల్చిన చప్పుడు.

"గాలి ఆడడం లేదురా దీనికి" అన్నాడు. మూత తిరగేసి చూస్తే గాలి పోయే బెజ్జం మీద పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. రోడ్డు పక్క తుమ్మచెట్టు నుంచి ముల్లు విరిచి దాన్ని పొడిచాడు. ఆ తర్వాత ఆ బండి ఆగలేదు.

కానీ అప్పుడే ఎక్కలేదు. చెట్టు నీడలో కూర్చున్నాం. చేతులకు అంటిన నూనె మట్టితో రుద్దుకుంటూ, నావైపు చూడకుండా బావ మాట్లాడాడు.

"ఆస్పత్రిలో బిడ్డను నా చేతికిచ్చినారు బామ్మర్దీ. మీ అక్కకు చూపియ్యలే. చూస్తే తట్టుకోలేదని నేనే వద్దన్నా. దానికి ఆ సంగతి మనసులో ఉంది. అడగదు. నేను చెప్పలేను. ఏం మాట్లాడాలన్నా అదే అడ్డమొస్తాది."

నేను పెళ్ళి కూడా కానివాణ్ణి. "నిదానంగా సర్దుకుంటది లే బావా" అన్నాను. ఆయన తల ఊపాడు. ఎండ తగ్గేదాకా చెట్టు కిందే ఉన్నాం. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. నేను అన్నం తిని గిద్దలూరు బస్సెక్కాను.

ట్యాంకు చాలా బాగా పనిచేసింది. అంతకుముందు దూరపు ఊళ్ళకు వెళ్ళడానికి బావ వెనకాడేవాడు, పెట్రోలు చాలదని. దుకాణాల్లో సీసాల్లో అమ్మే పెట్రోలులో నీళ్ళు కలుస్తాయని భయం. ఇప్పుడు ఒకసారి నింపుకుంటే అడవి పక్క ఊళ్ళన్నీ చుట్టి రావచ్చు. ఒక ఊళ్ళో పని అయ్యేలోపు పక్క ఊరి వాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవారు. రాత్రికి అక్కడే పడుకునేవాడు. రెండు రోజులు, మూడు రోజులు. ఎండాకాలం వచ్చేసరికి వారం రోజులు.

"ముందు పెట్రోలు కోసమన్నా మార్కాపురం వచ్చేవాడు" అంది అక్క ఒకరోజు ఫోన్లో. తమాషాకే అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ ఎండాకాలమే అక్క ఒక సంచితో మా ఊరికి వచ్చింది. కొట్టాడుకోలేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. "ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాను నాయనా. ఒక్కదాన్నే ఉండేదానికి ఆడనే ఎందుకు" అంది. నాయన రెండు నెలలు చూశాడు. బావ రాలేదు, పిలవలేదు. పిలిస్తే వెళ్దామని అక్క, వస్తానంటే పిలుద్దామని బావ. ఇద్దరి మనసుల్లో ఉన్నది అదేనని నాకు అనిపించేది. ఆయనకు ఫోన్ చేస్తే, "దాన్ని బలవంతం పెట్టొద్దు బామ్మర్దీ, ఆడ నిమ్మళంగా ఉంటే ఉండనీ" అనేవాడు. అదే మాట అక్కకు చెబితే, "సూడు, ఆయనకు అక్కర్లేదు" అనేది.

పెద్దమనుషులు మా ఇంటి ముందు మంచాలు వేసుకుని కూర్చున్న రోజు బావ తన పెదనాయనను వెనక ఎక్కించుకుని అదే బండి మీద వచ్చాడు. ఎవరి వైపు తప్పుందో తేల్చడానికి వచ్చినవాళ్ళకు తేల్చడానికి ఏమీ దొరకలేదు. కలిసి ఉంటావా అని అక్కను అడిగారు. ఆమె నేల చూసింది. తీసుకుపోతావా అని బావను అడిగారు. "ఆమె ఇష్టం" అన్నాడు. ఎవరి దారి వాళ్ళదే మంచిదని లేచారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, అక్క వైపు మనుషుల్లో.

బండి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. బావ స్టాండు తీస్తున్నాడు.

"ఇంతవరకూ చుక్క కారలే" అన్నాడు ట్యాంకు మీద చెయ్యి పెట్టి.

"కింద ట్యూబు ముక్కలు అరిగినాయేమో చూసుకో బావా."

"చూస్తాలే" అన్నాడు. ఆయన పెదనాయన వెనక ఎక్కాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత బావ రెండుమూడు సార్లు ఫోన్ చేశాడు. కాక్ వాషరు ఏ సైజని ఒకసారి, పైపు ఏ దుకాణంలో కొన్నావని ఒకసారి. అవి ఆయనకు తెలియనివి కావు. నేను జవాబు చెప్పేవాణ్ణి, ఆయన సరే అనేవాడు. క్రమంగా అదీ ఆగిపోయింది. మా మధ్య వరస తెగిపోయాక ఏమని పలకరించుకోవాలి? మా వైపు దారిన పోయేవాణ్ణి కూడా అన్నా, మామా అని పిలుస్తాం. ఇన్నేళ్ళు బావా అని పిలిచిన మనిషికి మాత్రం నా దగ్గర పిలుపు లేకుండా పోయింది.

అక్క నా దగ్గరికి వచ్చి గిద్దలూరులోనే కుట్టుమిషన్ పెట్టుకుంది. పని బాగానే వస్తుంది. నా పెళ్ళయ్యాక కూడా మాతోనే ఉంటోంది.

పోయిన చలికాలం ఎరువుల పని మీద పుల్లలచెరువు పోయినప్పుడు బావ ఊరికి వెళ్ళాను. ఆయన లేడు. పెదనాయన నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. బావ తెలంగాణ పక్కకు, అక్కడెక్కడో బోర్ల పనికి పోయాడట. అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట. పెదనాయన చాయ్ పెట్టిస్తానంటే వద్దని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. దాచడం మంచిది కాదనిపించింది. ఆమె మిషన్ ఆపలేదు.

"మంచిదేలే" అంది. కొంచెంసేపటి తర్వాత కాలు ఆపింది. "ఆ ట్యాంకు బిగించిన రోజు మీరిద్దరూ బండి మీద పోతిరి గదా. మీరు పోయినాక నాకు ఎట్లనో ధైర్యమొచ్చింది. ఈ పొద్దు బిడ్డ సంగతి అడుగుదాం, ఎట్లుండిందో చెప్పమందాం అనుకున్నా. వంట చేసుకొని వాకిట్లో కూర్చున్నా. మీరు వచ్చేసరికి పొద్దుపోయె. నువ్వు బస్సుకు పోతివి. ఆయన అలిసిపోయి పండుకున్నాడు. లేపబుద్ధి కాలే. పొద్దున్నే లేచి పనికి పోయినాడు."

చెట్టు కింద బావ నాతో అన్నది అప్పుడు చెప్పాను. చేతికి బిడ్డను ఇచ్చారని, ఈమెకు చూపించవద్దన్నది తానేనని. అక్క వింటూ కూర్చుంది. చేతిలో జాకెట్టు గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది.

"ఎవురికన్నా చెప్పుకొని ఉంటాడనుకున్నా. నీకు చెప్పినాడా" అంది.

ఆ రోజు బండి దారిలో ఆగకపోయుంటే, మేము ఎండ ఉండగానే ఇంటికి వచ్చి ఉంటే అని అప్పటినుంచి నేను అనుకోని రోజు లేదు. ఇంత చిన్నదాని వల్ల సంసారాలు నిలబడవని, కూలవని తెలుసు. అయినా అనుకుంటాను.

అక్క ఆ మాట అన్న కాసేపటికే పక్కవీధి ఆమె కూతుర్ని తీసుకుని కొలతలివ్వడానికి వచ్చింది. అక్క లేచి, మెడలో టేపు సరిచేసుకుని, ఆ పిల్లను వెలుతురులోకి రమ్మని పిలిచింది.