గనికి సెలవు రోజున అదిరిన నేల

నా చిన్నప్పుడు మార్కాపురం పక్కన మా ఊళ్లో నేల అదిరితే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. పలకరాయి గనుల్లో మందు పేలుస్తున్నారనుకుని మా పనిలో మేముండేవాళ్లం. ఆ రోజు బావిలో నీళ్లు అటూ ఇటూ ఊగినప్పుడూ అదే అనుకున్నాం. పక్కింటి అక్క మాత్రం బిందె కింద పెట్టి, "ఈరోజు అమావాస్య. గనికి సెలవు గదా," అంది.

సాయంత్రం రేడియోలో చెప్పారు, సముద్రం నడుమ ఒక దీవిలో పెద్ద భూకంపమని. అక్క మొగుడు కూలి పనికి పోయింది ఆ దీవికే. అక్క అరుగు మీద కూలబడింది. "మన బావినే ఊపిందంటే ఆడ ఇంకేం మిగిలుంటది," అని ఆడవాళ్లు ఆమె ముందే అన్నారు. కొందరి బుద్ధి అంతే.

మర్నాడు మా తాతయ్య అక్కనూ నన్నూ గని దగ్గరికి తీసుకుపోయి దూరంగా నిలబెట్టాడు. మందు పేలింది. ఇల్లంత బండ విరిగి పడింది. నేను అక్క కొంగు పట్టుకున్నాను.

"ఎంతమంది సచ్చినారమ్మా?" అని అడిగాడు తాతయ్య.

"ఆడ ఎవురున్నారు తాతా సావను?"

"మరి పోయినేడు మన కొట్టం పక్కన బావి తవ్వతా పేల్చింది చారెడు మందే. గోడ కూలి ఎద్దు సచ్చిపాయె. జోరు వేరు, దెబ్బ వేరు. రేడియో జోరు చెప్పింది. నీ మొగుడు ఏ కప్పు కింద ఉన్నాడో దానికేం తెలుసు?"

అక్క ఆ పూట అన్నం తిన్నది.

నెల తిరక్కుండానే అక్క మొగుడు చేతికి కట్టుతో వచ్చాడు. పెద్ద భూకంపానికి ఆకుల గుడిసె మీద పడితే దులుపుకుని లేచారట. భయపడి అందరూ ఇటుకల గోదాములోకి మారారట. తర్వాత సరిగ్గా ఆ గోదాము కిందనే ఇంకో భూకంపం వచ్చింది. "శానా చిన్నది," అన్నాడు. తనతో పడుకున్న ఇద్దరు బయటికి రాలేదు. అక్క చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. తాతయ్య తల వంచుకున్నాడు.

నాకు చదువు ముసలితనంలో వచ్చింది. ఇప్పుడు టీవీలో భూకంపం అంకె నేనే చదువుతాను. అది చిన్నదైతే మా మనవడు ఛానల్ మారుస్తాడు. నేను మార్చనివ్వను. ఆ మనుషులు ఏ కప్పు కింద పడుకున్నారో చెప్పేదాకా నాకు ముద్ద దిగదు.